ఊసుపోక కుట్టేదేగా!

"మీ ఆవిడగారు ఏం చేస్తూంటారండీ?" అని ఎవరైనా అడిగితే మావారు 22 ఏళ్ళుగా ఒకటే జవాబు చెబుతున్నారు. "ఏమీ చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది. ఏదో ఊసుపోక బట్టలు కుడుతూంటుంది."

ఆయన చెడ్డవారేం కాదు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహంలో నా మీద ఆపేక్షే కనిపిస్తుంది. డబ్బు కోసం పెళ్ళాన్ని కష్టపెట్టే మొగుణ్ణి కానని నలుగురికీ తెలియాలని ఆయన ఆరాటం. నేనూ చాన్నాళ్ళు ఆ మాట విని నవ్వి ఊరుకున్నదాన్నే. అయితే ఎదుటి మనిషి ఆ మాటని వేరేగా వింటున్నాడని నాకు ఆలస్యంగా తెలిసింది. ఊసుపోక చేసేదానికి డబ్బెందుకివ్వాలి చెప్పండి? ఆ ఎరిక కలిగేసరికి నాకు కళ్ళజోడొచ్చింది, మెడనొప్పి వచ్చింది, కుడిచేతి బొటనవేలు తెల్లవారుజామున తిమ్మిరెక్కడం మొదలెట్టింది.

ముందు నా పనేమిటో చెప్పనివ్వండి. బెజవాడలో మా ఇంటి ముందుగదిలో ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీబల్ల, ఒక చెక్కబీరువా ఉన్నాయి. అక్కడ కూర్చుని నేను కుట్టేవన్నీ ఒక్కొక్కటే. ఒకసారి కుట్టింది రెండోసారి కుట్టను. గొప్పకోసం పెట్టుకున్న నియమం కాదండీ, మళ్ళీ అలాగే కుట్టమన్నా నాకు చేతకాదు. బట్టని బట్టి, తొడుక్కునే మనిషిని బట్టి, ఆ పూట నా బుద్ధిని బట్టి వస్తుంది. మంగళగిరి నూలుబట్ట, పెడన అచ్చులబట్ట తెచ్చి కుడతాను. అన్నిటికంటే నాకిష్టమైనవి పాత చీరలు. అమ్మమ్మగారి వెంకటగిరి చీర ఒళ్ళంతా చీకిపోయినా అంచు మాత్రం నవనవలాడుతూంటుంది. ఆ అంచు మనవరాలి పరికిణీకి వేస్తే, ముసలావిడ చెయ్యి పిల్ల చుట్టూ ఉన్నట్టే ఉంటుంది.

ఇదే పని హైదరాబాదులో అద్దాల తలుపు వెనక, చల్లటి గదిలో కూర్చుని చేస్తే ‘డిజైనర్’ అంటారు. మా వీధిలో చేస్తే ‘కుట్టుమిషనావిడ’ అంటారు. డిజైనర్‌గారిని ధర అడగడానికి మనం భయపడతాం. కుట్టుమిషనావిడ అయితే ధర చెప్పడానికి ఆవిడే భయపడాలి!

సరే, అసలు సంగతికొస్తాను. పోయినేడు మాకు బాగా తెలిసినావిడొకరు కూతురి ఓణీల ఫంక్షనుకి పరికిణీ జాకెట్టు కావాలని వచ్చారు. వాళ్ళమ్మగారి చీర చేతిలో పెట్టారు. "ఇంకెవ్వరికీ ఇలాంటిది ఉండకూడదు సుమండీ! ఊళ్ళో మా అమ్మాయికి ఒక్కదానికే ఉండాలి" అన్నారు. నాకు కావలసిన మాటే అది. గంగిరెద్దులా తలూపాను. ఆ చీర అంచులో చిన్న మామిడిపిందెలున్నాయి. వాటినే జాకెట్టు చేతులమీదికి, వీపుమీదికి దించాను. ఏ రెండు పిందెలూ ఒకేలా ఉండకుండా ఒకదాన్లో గొలుసుకుట్టు, ఒకదాన్లో కాడకుట్టు, ఒకదాన్లో ముడికుట్టు వేశాను. దారాల రంగులు చీర పాతబడ్డ రంగుకి కలవాలి గదా, కొత్తదారాన్ని టీ డికాషన్లో ముంచి ఆరబెట్టుకున్నాను.

ఇప్పుడు లెక్క. దాచుకోవడానికేమీ లేదు, చూడండి. లైనింగు, దారాలు, హుక్కులు కలిపి 640 రూపాయలు. నా చేతికుట్టు 46 గంటలు. కత్తిరించి, మిషనుమీద కుట్టి, చేత్తో ముగించడానికి 8 గంటలు. వెరసి నా కష్టం 54 గంటలు. నాకు సాయంగా ఉండే అమ్మాయి 14 గంటలు కూర్చుంది. గంటకి 70 చొప్పున ఆ అమ్మాయికి 980. నేను చెప్పిన ధర 6,000. ఖర్చులు పోను నాకు మిగిలేది 4,380. గంటకి 81 రూపాయలన్నమాట. కరెంటు, మిషను రిపేరు, ఆలోచిస్తూ నిద్రపట్టని నాలుగు రాత్రులు అందులో లేవు.

"ఆరువేలా!" అన్నారావిడ. "బట్ట మేమే ఇచ్చాం కదండీ?"

బట్ట మీరే ఇచ్చారమ్మా, చేతులు నావి అని నేను అనలేదు. అనాల్సింది. మనకి జవాబులన్నీ ఎదుటివాళ్ళు గుమ్మం దాటాకే గదా తడతాయి!

"అయినా ఇంట్లో కూర్చుని చేసేదేగా, షాపు అద్దా ఏమన్నానా? మీకిది కాలక్షేపమని అన్నయ్యగారు కూడా అంటూంటారు. మూడువేలు చేసుకోండి."

చూశారా, మావారి ఆపేక్ష ఎక్కడికి వెళ్ళి ఎలా తిరిగొచ్చిందో! చివరికి 4,000 దగ్గర తెగింది. గంటకి నాకు 44 రూపాయలు. మా వీధి చివర టీకొట్టులో మూడు టీలు వస్తాయి.

ఫంక్షనుకి వెళ్ళాను. వేదిక వెనక పిల్ల పేరు పూలతో రాయించారు. నిలువెత్తు అక్షరాలు. తెల్లారేసరికి వాడి చెత్తబండి ఎక్కే పూలవి. ఆ పూలవాడితో ఆవిడ బేరమాడారో లేదో నాకు తెలియదుగాని, "ఊసుపోక గుచ్చుతున్నావు గదయ్యా" అని మాత్రం అని ఉండరు. అదలా ఉంచండి. పరికిణీ పిల్ల మధ్యలో, చుట్టూ ఆరుగురు పినతల్లుల, మేనత్తల పిల్లలు నిలబడి ఫోటో దిగుతున్నారు. ఆరుగురి జాకెట్లమీదా నా మామిడిపిందెలే! నేను కుట్టింది మూడు వారాలు ముందే పట్టుకెళ్ళి, ఫోటో తీయించి, కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేసే షాపులో ఇచ్చారట. "మీ డిజైనేనండీ! ఎంత బాగా వచ్చాయో చూశారా? ఒక్కోటి పన్నెండొందలకే చేసిచ్చాడు" అని ఆవిడ నా చెయ్యి పట్టుకుని మరీ చూపించారు.

ఆవిడ వెటకారంగా అనలేదు. నాకు సంతోషంగా ఉంటుందనే అనుకున్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నా నాలుగు రాత్రుల ఆలోచనని ఆవిడ ఊళ్ళోకి పంచిపెట్టారు. అందులో తప్పుందని ఆవిడకి తోచనైనా తోచలేదు. నాకు కోపం వచ్చింది అక్కడ. దొంగమీద వచ్చే కోపం కాదది. దొంగకైనా తాను తీసుకెళ్ళేది వస్తువని తెలుసు. ఆవిడ దృష్టిలో అక్కడ వస్తువే లేదు. ఊసుపోక చేసినదానికి సొంతదారు ఎవరుంటారు?

ఇది నా ఒక్కదాని గోడని అనుకోకండి. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం లేసు మీకందరికీ తెలిసిందే. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఆ డెల్టా పల్లెల్లో ఆడవాళ్ళకి నేర్పిన పని. సన్నటి దారం, కొనకి కొక్కెమున్న సూది, వాకిట్లో ఒక పీట, అంతే పెట్టుబడి. ఆ లేసు ఓడలెక్కి దేశాలు తిరిగింది. మరియా మీస్ అనే జర్మనీ సామాజిక శాస్త్రవేత్త ఆ పల్లెల్లో ఉండి, అల్లే ఆడవాళ్ళతో మాట్లాడి, 1982లో వాళ్ళమీద ఒక పుస్తకమే ప్రచురించారు. ఆమె తేల్చిందేమిటంటే, ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారుచేస్తున్న ఆ స్త్రీలని అందరూ గృహిణులనే అంటారు, వాళ్ళ పనిని తీరికవేళ కాలక్షేపమనే అంటారు. ఆ పేరు పెట్టడంవల్లే కూలి అంత తక్కువకి తెగుతుంది. అల్లిన చేతులు ఇంట్లోనే ఉండిపోతాయి, అమ్మిన చేతులు మేడలు కడతాయి.

ఆ పుస్తకం గురించి తెలిసిననాడు నేను చాలాసేపు కుట్టుమిషను ముందు ఊరికే కూర్చున్నాను. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. సంతోషమే. లేసు ఏ ఊరిదో ప్రభుత్వం గుర్తించింది. అది ఎవరి పొద్దో మనం ఎప్పుడు గుర్తిస్తాం?

ఇంతదాకా చదివి మీలో కొందరు "పాపం" అనుకుని ఉంటారు. ఆగండి. గురివింద గింజ సామెత ఉందే, అది నాకే వర్తిస్తుంది. అదీ చెప్పేస్తాను.

కొన్నేళ్ళ కిందట రాహుకేతు పూజకని కాళహస్తి వెళ్ళాం. పూజ అయ్యాక, వచ్చినదాన్ని ఎలాగూ వచ్చానని కలంకారీ వేసే ఒకరింటికి వెళ్ళాను. వసారాలో ఒకావిడ నేలమీద బట్ట పరుచుకుని వంగి గీస్తోంది. చేతిలో వెదురుపుల్ల. దాని మొనకి కాస్త పైన ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగించి ఉంది. ఆ గుడ్డ పీల్చుకున్న రంగుని వేలితో నొక్కుతూ గీత తియ్యాలి.

ఆ ఒక్క గీత వెనక ఎంతుందో చూడండి. ముందు బట్టని ఉతికి, ఎండబెట్టి తెలుపు చేస్తారు. కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు. పాలు పట్టిన బట్టమీద రంగు పాకదు, గీత గీతలాగే నిలుస్తుంది. చింతబొగ్గుతో బొమ్మ నీడ వేసుకుంటారు. ఆపైన నల్లగీత. ఆ నలుపు కొట్లో కొన్నది కాదు. ఇనపముక్కలు, బెల్లం కలిపిన నీళ్ళని రోజులతరబడి పులియబెడతారు. దాన్ని కసిం అంటారు. కసిం కరక్కాయ పట్టిన బట్టకి తగలగానే నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళు పెట్టి, ఎర్రరంగు వేళ్ళతో కలిపి ఉడకబెడతారు. పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది. మధ్యమధ్య పారేనీళ్ళలో జాడించాలి, ఆరబెట్టాలి, మళ్ళీ దిద్దాలి. పసుపు వేరు, నీలం వేరు. ఒక చీరకి వారాలు పడుతుంది. ఈ పని ఒకప్పుడు కనుమరుగయ్యేదాకా వస్తే, కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1957లో కాళహస్తిలో శిక్షణకేంద్రం పెట్టారు. ఆ ఊరి జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. అంతటి విద్య అది.

ఇవన్నీ ఆవిడ ఓపిగ్గా చెప్పింది. నేను ఓపిగ్గా విన్నాను. విని ఏమన్నానంటారు? "బొమ్మలు గీసేదేగా, ఓ ఎనిమిది వందలు తగ్గించరాదూ?" అన్నాను. నేను! కాజా కుట్టడానికి ఎంతసేపు పడుతుందో తెలిసిన నేను!

ఆవిడ తలెత్తి చూసింది. "అమ్మా, ఈ నల్లగీత ఒక్కసారి తప్పితే చెరపడానికి లేదు. చీరంతా పోయినట్టే" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. తగ్గించి ఇచ్చింది కూడా. కాళహస్తి దాకా వచ్చి అమ్ముకునేవాళ్ళు రోజూ ఎందరొస్తారు? పొద్దున గుళ్ళో పూజ టిక్కెట్టు దగ్గర నేను బేరమాడలేదు. హుండీలో అయిదువందల నోటు వేసేటప్పుడు చెయ్యి వణకలేదు. వసారాలో మనిషి దగ్గరికొచ్చేసరికి నాకు పొదుపు గుర్తొచ్చింది. ఆ చీర కట్టినప్పుడల్లా అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ ఎనిమిది వందలు కుచ్చిళ్ళలో తగులుతూంటాయి.

ఇంకొకటి చెబితే నా పాపం పూర్తవుతుంది. ఆ ఓణీల ఫంక్షను వ్యవహారం తర్వాత, నాకు తగ్గినదాన్ని ఎక్కడో పూడ్చుకోవాలి గదా. నా దగ్గర పనిచేసే అమ్మాయితో, "ఇకనించి గంటకి అరవై చేసుకోవే, చూస్తున్నావుగా, వాళ్ళివ్వడంలేదు" అన్నాను. ఆ పిల్ల తల వంచుకుని, "అలాగేనండీ" అంది. నెల తిరక్కుండా పెద్ద బట్టల షాపులో చీరలు మడతపెట్టే పనికి కుదిరిపోయింది. పొద్దుటినించీ రాత్రిదాకా నిలబడాలి. కానీ ఒకటో తారీకున జీతం వస్తుంది, దాన్ని ఎవరూ ఊసుపోక చేసేపని అనరు. ఆ అమ్మాయి వేసే గొలుసుకుట్టు బియ్యపుగింజల్లా వరసగా, ఒకే కొలతలో ఉండేది. అలా కుట్టడానికి దానికి ఏడేళ్ళు పట్టింది. ఇప్పుడా వేళ్ళు ప్లాస్టిక్ కవర్లలో చీరలు దూరుస్తున్నాయి.

బేరమనేది మనమూ, అమ్మేవాళ్ళూ ఆడుకునే ఆటని అనుకుంటాం. అది ఆవిడ దగ్గర మొదలై, నా గుమ్మంలో ఆగకుండా, నాకన్నా లేనిదాని నెత్తిమీద పడింది. నేను ఆవిణ్ణి తిట్టుకున్న మాటలన్నీ ఆ పిల్ల నన్ను తిట్టుకుని ఉంటుంది.

ఇక మీరనబోయే మాటలు నాకు తెలుసు. ఒకటొకటే చెప్పుకుందాం.

"మేం మధ్యతరగతి వాళ్ళం, అంతంత పెట్టి ఎక్కడ కొంటాం?" నిజమే. నేనూ ఆ తరగతిదాన్నే. చేతిపనే కొనమని నేను అనడంలేదు. మిషనుమీద వచ్చిన బట్ట కట్టుకుంటే పాపమేం లేదు, నా ఒంటిమీద రోజూ ఉండేవి అవే. నేననేది ఒక్కటే. మిషను ధర ఇచ్చేటప్పుడు మిషను పని తీసుకోండి. చేతిపని కావాలన్నప్పుడు చెయ్యి ధర ఇవ్వండి. చెయ్యి పనితనం కావాలి, మిషను ధర కావాలి, పైగా అది ఊళ్ళో మనకొక్కరికే ఉండాలంటే ఎలాగమ్మా? ఏడాదికి అయిదు కొనేవాళ్ళు ఒకటి కొనండి. ఆ ఒకటి కూతురికీ మనవరాలికీ వస్తుంది. మా అమ్మమ్మగారి చీరలు నా దగ్గరికి ఎలా వచ్చాయనుకున్నారు?

"బేరమాడకపోతే మోసం చేస్తారు, రెట్టింపు చెబుతారు." ఇదీ అబద్ధం కాదు. మాలో అలాంటివాళ్ళున్నారు. మీరు ఎలాగూ తగ్గిస్తారని ముందే పెంచి చెప్పడం, మేం ఎలాగూ పెంచి చెబుతామని మీరు తగ్గించడం. ఈ చదరంగంలో నిజం చెప్పినవాడే ఓడిపోతాడు. దీనికి మందు బేరం కాదు, లెక్క అడగడం. "ఎంతసేపు పట్టింది? బట్ట ఎంత? దారమెంత?" అని అడగండి. చెప్పగలిగితే చేతిపని. నసిగితే లేచి వచ్చెయ్యండి. అది మీ హక్కు.

"టైలర్లు చెప్పిన రోజుకి ఇవ్వరు." ఒప్పుకున్నాను బాబూ! ఈ నేరానికి మాకు క్షమాపణ లేదు. పెళ్ళి పదింటికైతే తొమ్మిదిన్నరకి హుక్కులు కుట్టిన చరిత్ర నాకూ ఉంది. దానికి డబ్బు తగ్గించుకోండి, ఆ శిక్ష న్యాయం. కానీ పని చవకని తగ్గించడం వేరు, ఆలస్యమైందని తగ్గించడం వేరు.

"అసలు ఏది చేతిపనో, ఏది మిషనుదో మాకేం తెలుస్తుంది?" ఇదిగో, ఇది అడగవలసిన ప్రశ్న. బట్ట తిరగేసి చూడండి. చేతికుట్టుకి వెనక ముళ్ళు కనిపిస్తాయి, దారం ఒక పువ్వునించి ఇంకో పువ్వుకి నడిచిన జాడ ఉంటుంది. మిషను ఎంబ్రాయిడరీకి వెనక గట్టి కాగితంలాంటి అస్తరు, సాధారణంగా ఒకే రంగు కింది దారం కనిపిస్తాయి. కలంకారీ అని చెప్పి అమ్మేవాటిలో మిషనుమీద అచ్చేసినవి కావలసినన్ని ఉన్నాయి. వాటిలో గజానికోసారి అదే నెమలి, అదే ముక్కు వంకర తిరిగొస్తుంది. కలంతో గీసినదాంట్లో ఏ రెండు నెమళ్ళూ కవలలు కావు. పెడనలో చెక్క అచ్చులతో చేత్తో అద్దే కలంకారీ వేరే సంప్రదాయం, అదీ కష్టమే, అదీ చేతిపనే. దాన్ని దానిపేరు పెట్టి కొనుక్కోవచ్చు. చేనేత చీర అయితే చేనేత గుర్తు అడగండి, 2006నించీ ఉందది. చీర, పంచె, తువ్వాలు, లుంగీ లాంటివాటిలో కొన్ని రకాలు చేనేతకే చెందాలని 1985లో చట్టమే చేశారు. చట్టం ఢిల్లీలో ఉంటుంది, చీర కొట్లో ఉంటుంది, మధ్యలో ఉన్నది మనమే. కొట్లో అడిగే నోరు మనదే.

2019-20 చేనేత గణనలో దేశం మొత్తంమీద 35 లక్షలకు పైగా చేనేత కార్మికులు తేలారు. నూటికి డెబ్భైమందికి పైగా స్త్రీలే. నేతపనివారి కుటుంబాల్లో దాదాపు మూడింట రెండు వంతులకి నెలకి అయిదువేలైనా రావడంలేదని ఆ లెక్కే చెప్పింది. కొనేది ఆడవాళ్ళం, చేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. మధ్యలో గీచిగీచి బేరమాడేదీ ఆడవాళ్ళమే. మన కష్టాన్ని మగవాళ్ళు లెక్కపెట్టడంలేదని మనం సభల్లో మాట్లాడతాం, పత్రికలకి రాస్తాం. ఆ లెక్కపెట్టకపోవడం మనం మాత్రం ఎంత చక్కగా నేర్చుకున్నామో! వంటకి ఖరీదు కట్టరని ఏడ్చే మనమే, కుట్టుకి ఖరీదు కడితే "అమ్మో" అంటాం.

అందుకని మిమ్మల్ని నాలుగే కోరుతున్నాను. చేతిపని చేసేవాళ్ళ దగ్గర "ఎంత?" అని అడిగేముందు "ఎన్నాళ్ళు పట్టింది?" అని అడగండి. కొత్తది చేయించుకునేటప్పుడు సగం డబ్బు ముందివ్వండి, వాళ్ళ దగ్గర పెట్టుబడి ఉండదు. ఒకరి ఆలోచనని ఫోటో తీసి ఇంకొకరి చేత చేయించకండి, కావాలంటే అడగండి, చాలామంది సంతోషంగా ఇంకో రకం చేసిపెడతారు. నాలుగోది, డబ్బులేని కోరిక. ‘ఊసుపోక’ అనే మాట మానెయ్యండి. మీ కోడలు అల్లుతున్నా, మీ వదిన కుడుతున్నా, మీరే చేస్తున్నా ఆ మాట మానెయ్యండి. ముఖ్యంగా మనమే మన గురించి అనుకోవడం మానెయ్యాలి. "ఏదోలెండి, ఖాళీగా ఉన్నప్పుడు కుట్టాను" అని నేనే ఎన్నిసార్లు అన్నానో! వినయమనుకున్నాను. ధర నేనే తగ్గించుకుంటున్నానని తెలియలేదు.

నేను చేసిన దిద్దుబాటు కూడా చెప్పి ముగిస్తాను. సంక్రాంతి వెళ్ళాక కాళహస్తి ఆవిడకి ఫోన్ చేశాను. ఒక పైటకొంగు గీసిపెట్టమన్నాను. ధర చెప్పింది. సరేనన్నాను, పాత ఎనిమిది వందలు కూడా కలిపి పంపుతానన్నాను. ఆవిడకి నేనెవరో గుర్తులేదు. ఎంతమంది తగ్గించి ఉంటారో, ఎవరిని గుర్తుపెట్టుకుంటుంది! "బేరం లేదామ్మా?" అని అనుమానంగా రెండుసార్లు అడిగింది. నా దగ్గరనించి వెళ్ళిపోయిన అమ్మాయి ఇంటికీ వెళ్ళాను. గంటకి తొంభై అన్నాను. ఆలోచించి చెబుతానంది. ఇంకా చెప్పలేదు. దాన్ని తప్పుపట్టను.

నేనిప్పుడు ఒక బిల్లుపుస్తకం అచ్చువేయించుకున్నాను. బట్టకింత, దారానికింత, చేతికింత అని మూడు గళ్ళు. ఆ మూడో గడి చూసి ఇద్దరు ముగ్గురు రావడం మానేశారు. నలుగురైదుగురు కొత్తగా వచ్చారు.

మొన్న మావారి స్నేహితుడొకాయన ఇంటికొచ్చి మామూలు ప్రశ్న వేశారు. నేను వంటింట్లోంచి చెవులు రిక్కించాను. మావారు గొంతు సవరించుకుని, "మా ఆవిడ బట్టలు డిజైన్ చేస్తుందండీ. ఏదైనా కావాలంటే రెణ్ణెల్లు ముందు చెప్పాలి, సగం డబ్బు ముందివ్వాలి" అన్నారు. నాకు కాఫీ పొంగిపోయినంత పనైంది. అంతలో ఆయనే చొక్కా చెయ్యి పైకెత్తి చూపించి అన్నారు: "నేనూ వరసలోనే ఉన్నాను. ఈ గుండీ ఊడి మూడు వారాలైంది."